ఇనాము, నజరానా, బయానా : ఊరూరా తిరిగే సంగీత విద్వాంసుని జీవిక

సంగీత విద్వాంసులను గురించి మన పత్రికలలోను, పాఠ్యగ్రంథాలలోను వ్యాసాలు చాల వచ్చాయి. వారి గురుపరంపర, వారి బాణీ, వారు పొందిన బిరుదులు, సన్మానాలు వాటిలో విపులంగా కనిపిస్తాయి. ఆ విద్వాంసుని ఇంట పొయ్యి ఎట్లా వెలిగిందనే విషయం మాత్రం ఎక్కడా కనిపించదు. పిల్లల చదువుకు ఏ నెలలో రొక్కం సమకూడింది, ఏ నెలలో అంగడిలో అప్పు పెరిగింది, వాద్యం పగిలిన నాడు కొత్తది ఎవరు కొనిపెట్టారు అనే ప్రశ్నలను మనం వేయము. కళను పొగడడం మర్యాద అనీ, కళాకారుని భుక్తిని గురించి అడగడం అమర్యాద అనీ మనకొక అలవాటు ఏర్పడింది. ఈ అలవాటు వల్ల నష్టపడేది కళాకారుడే.

ఈ వ్యాసంలో విచారించబోయేది స్వతంత్రంగా సంచరించే సంగీత విద్వాంసుని జీవనాధారం. దేవస్థానంలోగాని, సంస్థలోగాని నెలజీతం లేకుండ, తన కంఠాన్నో వాద్యాన్నో నమ్ముకొని, పిలిచిన ఊరికి పోయి, పాడి, పుచ్చుకొన్న సొమ్ముతో సంసారం ఈదేవాడే ఇక్కడ మన కథానాయకుడు. నాదస్వర విద్వాంసుడు, బుర్రకథకుడు, కవ్వాలు, హార్మోనిస్టు అందరూ ఈ కోవకు చెందినవారే.

మన దేశంలో పాటకు ప్రతిఫలం ముట్టిన పద్ధతులు ప్రధానంగా మూడు. చిత్రమేమంటే ఆ మూడింటికీ ఉర్దూ మాటలు ఉన్నవి, ఆ మూడూ తెలుగువారికి తెలిసినవే : ఇనాము, నజరానా, బయానా. ఈ మూడు మాటల అర్థం చక్కగా తెలిసికొంటే సంచార విద్వాంసుని ఆర్థిక చరిత్ర సగం తెలిసినట్లే.

ఇనాము

ఇనాము అరబీ పదం. అనుగ్రహం, బహుమానం అని దీని అర్థం. తెలుగు దేశపు రెవెన్యూ భాషలోనికి వచ్చేసరికి ఈ మాట భూమికి అంటుకొన్నది. పన్ను లేకుండగాని, స్వల్పమైన పన్నుతోగాని సేవకు బదులుగా అనుభవించే భూమి ఇనాము. గుడిలో మేళం వాయించేవారికి భజంత్రీ ఇనాములు, మాన్యాలు ఉండేవి. ఊరిలో శుభకార్యాలకు సన్నాయి ఊదే కుటుంబాలకు పంట నూర్చిన నాడు కళ్లంలోనే ధాన్యం కొలిచి ఇచ్చేవారు. దానికి మేర అని పేరు.

ఇనాముతో చేరిన మరొక మాట మిరాశి. మీరాస్ అంటే అరబీలో వారసత్వం. దక్షిణాదిలో మిరాశి అంటే గుడిలోనో గ్రామంలోనో వంశక్రమంగా వచ్చే హక్కు. పంజాబు, రాజస్థాన్ ప్రాంతాలలో మిరాసీలంటే వంశక్రమంగా గానం చేసే ఒక సమాజం. ఒకే మాట ఒకచోట హక్కుకూ మరొకచోట గాయకులకూ పేరైనది. పాట అనేది వారసత్వపు ఆస్తిగా భావించబడిన కాలపు ఆనవాలు ఇది.

ఇనాము గొప్పతనం నిశ్చింత. పెళ్లిళ్లు లేని మాసంలో గూడ గింజలు ఇంటికి వస్తాయి. దాని లోపం కట్టుబాటు. ఆ ఊరు, ఆ గుడి, ఆ వేళ విడిచి పోరాదు. కొడుకుకు సంగీతం అబ్బినా అబ్బకపోయినా వాయించవలసిందే. పరాయి కుటుంబంలో పుట్టిన ప్రతిభావంతునికి అక్కడ చోటు లేదు.

ఈ వ్యవస్థ చట్టరీత్యా అంతరించినది. తెలంగాణ ప్రాంతంలో 1955 నాటి చట్టం, ఆంధ్ర ప్రాంతంలో 1956 నాటి చట్టం ఇనాములను రద్దు చేశాయి. 1987 నాటి దేవాదాయ ధర్మాదాయ చట్టం ఆలయాలలోని వంశపారంపర్య మిరాశీ హక్కులను తొలగించినది. 1996లో సుప్రీంకోర్టు ఆ తొలగింపును సమర్థించినది. పుట్టుకతో వచ్చే హక్కు పోవడం న్యాయమే. అయితే ఆ హక్కుతోపాటు కళ్లంలో కొలిచే ధాన్యం కూడ పోయినదనే సంగతిని గుర్తించాలి.

నజరానా

రెండవ మాట నజరానా. దీని వ్యుత్పత్తిలో మన విద్యార్థులు తరచుగా పొరపడతారు. చూపు అనే అర్థంలో వాడే నజరు వేరు, నజరానాలోని నజ్ర్ వేరు. ఉర్దూ లిపిలో మొదటిది ‘జోయ్’ అక్షరంతోను, రెండవది ‘జాల్’ అక్షరంతోను వ్రాయబడతాయి. నజ్ర్ అంటే మ్రొక్కు, సమర్పణ. పెద్దల ఎదుట భక్తితో సమర్పించే కానుక నజరానా.

దర్గాలలో ఉర్సు జరిగేటప్పుడు కవ్వాలీ సభను చూచినవారికి ఇది అనుభవమే. పాటలోని ఒక పంక్తికి మనసు కరిగిన శ్రోత లేచి, ముందుగా సభకు అధ్యక్షత వహించిన పెద్దల చేతికి నోటును సమర్పిస్తాడు. అది వారి చేతి మీదుగా కవ్వాలుకు చేరుతుంది. నేరుగా గాయకునికి విసరడం సభామర్యాద కాదు. ఏ పంక్తికి ఎవరు కదిలారో కవ్వాలు కనిపెట్టి ఉంటాడు. ఆ శ్రోత పారవశ్యంలో ఉన్నంతసేపు ఆ పంక్తినే మళ్లీ మళ్లీ పాడుతాడు. ఇందులో భక్తి ఉన్నది, విద్య ఉన్నది, జీవిక కూడ ఉన్నది. హైదరాబాదులో ఈ కళకు కీర్తి తెచ్చిన అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ 1971లో పద్మశ్రీ పొందారు.

తెలుగు ప్రదర్శనలలో దీనికి సోదరి చదివింపు. కథ మధ్యలో ఆగి, ఫలానావారు ఇంత చదివించారని పేరు పెట్టి చెప్పడం, దాతకు దీవెనలు పలకడం మనమెరిగినదే. పద్యనాటకంలో ‘వన్స్‌మోర్’ అని కేక వేసి, రంగస్థలం మీదికి వచ్చి నోటు చేతిలో పెట్టే రసికులు కూడ ఈ కోవలోనివారే.

నజరానాలో ఒక ఔన్నత్యం ఉన్నది. శ్రోతకూ గాయకునికీ మధ్య దళారి లేడు. మెచ్చిన మరుక్షణమే ఫలితం చేతికి వస్తుంది. కాని దీనిని నమ్ముకొని నెల గడపడం కష్టం. వర్షం కురిస్తే సభ పలుచబడుతుంది, పంట పోతే చదివింపు తగ్గుతుంది. అంతకంటే సూక్ష్మమైన ప్రమాదం మరొకటి ఉన్నది. ముందు వరుసలో కూర్చున్న ధనికుని అభిరుచి క్రమంగా పాటను తనవైపు లాగుకొంటుంది. వెనుక వరుసలోని నిజమైన రసికుని జేబు ఖాళీ గనుక, అతని అభిరుచికి బలం లేదు.

బయానా

మూడవ మాట బయానా. అరబీలో బై అంటే అమ్మకం. ఒప్పందం కుదిరినందుకు గుర్తుగా ముందే ఇచ్చే సొమ్ము బయానా. దీనికి మన తెలుగులో అందమైన మాట ఉన్నది : సంచకారం. సంస్కృతంలోని సత్యంకారం అనే పదానికి ఇది వికృతి. సత్యంకారం అంటే మాటను సత్యం చేయడం. ‘వస్తాను’ అన్న విద్వాంసుని మాటను, ‘ఇస్తాను’ అన్న యజమాని మాటను ఒకే నాణెం నిజం చేస్తున్నది.

స్వతంత్ర విద్వాంసుడంటే బయానా మీద బ్రతికేవాడు అని నిర్వచించవచ్చును. అతనికి ఇనాము లేదు, నజరానా వస్తే అదనం. ఇదే అతని స్వాతంత్ర్యం, ఇదే అతని సంకటం. ఎవరి పిలుపునైనా అందుకొనవచ్చును, ఏ ఊరికైనా పోవచ్చును, నచ్చని చోటు మానుకొనవచ్చును. కాని పిలుపు రాని రోజుకు ఎవరూ బాధ్యులు కారు.

పిలుపులు సంవత్సరం పొడవునా సమానంగా రావు. పెళ్లి మేళాలకు మాఘ ఫాల్గుణాలు, వైశాఖ జ్యేష్ఠాలు, శ్రావణం, కార్తీక మార్గశిరాలు పంటకాలం. ఆషాఢం, భాద్రపదం, పుష్యం శూన్యమాసాలు. భాద్రపదంలో వినాయక చవితి పందిళ్లు, ఆశ్వయుజంలో దేవీ నవరాత్రులు, చైత్రంలో శ్రీరామనవమి కొంత ఆసరా ఇస్తాయి. ఇవి గాక మూఢాలు ఉన్నవి. గురుడు గాని శుక్రుడు గాని సూర్యునికి సమీపంగా వచ్చి కనిపించకుండ పోయిన కాలమే మూఢం. శుక్రమూఢం ఒక్కొక్కసారి రెండు నెలలు దాటి ఉంటుంది. 2023లో శ్రావణం అధికమాసంగా వచ్చినది. 2024లో ఏప్రిల్ చివర మొదలైన శుక్రమూఢం జూలై మొదటి వారం దాకా సాగినది. గురుమూఢం కూడ అందులోనే కలిసి వచ్చినది. పెళ్లిళ్లకు పేరుపడిన వైశాఖ జ్యేష్ఠాలు ఆ ఏడు మేళగాండ్రకు ఉత్త చేతులనే మిగిల్చాయి. ఆకాశంలో ఒక గ్రహం సూర్యుని చాటుకు పోతే భూమి మీద ఒక డోలు విద్వాంసుని ఇంట బియ్యం డబ్బా అడుగంటుతుందన్న మాట కవిత్వం కాదు, లెక్క.

కవ్వాలు పంచాంగం వేరు. ఉర్సులు హిజ్రీ సంవత్సరం ప్రకారం జరుగుతాయి. ఆ సంవత్సరం సౌరమానం కంటే ఇంచుమించు 11 రోజులు చిన్నది. అందులో అధికమాసం లేదు. కావున ఒకే ఉర్సు కొన్నేండ్లు ఎండాకాలంలోను, కొన్నేండ్లు వానాకాలంలోను వస్తుంది. 33 ఏండ్లకు ఒక చుట్టు పూర్తి అవుతుంది. తండ్రికి చలికాలంలో పంట పండించిన ఉర్సు కొడుకుకు ముసురులో ఎదురుకావచ్చును.

పంచాంగంలో లేని ఆపద కూడ ఉన్నది. 2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ విధించినప్పుడు ఆ వేసవి పెళ్లిళ్లు, కల్యాణాలు, ఉర్సులు అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఉద్యోగికి ఆలస్యంగానైనా జీతం వచ్చినది. బయానాతో బ్రతికేవానికి బయానాయే లేకపోయినది. పుచ్చుకొన్న బయానాలను తిరిగి ఇమ్మని అడిగినచోట ఆ సొమ్ము అప్పటికే ఖర్చయి ఉండటం మరొక బాధ.

ఒక మేళం లెక్క

విద్యార్థులకు విషయం స్పష్టపడటానికి ఒక లెక్క చూద్దాం. జట్టుజట్టుకూ వాటాల పద్ధతి మారుతుంది. కావున ఇది ఊహించిన ఉదాహరణ మాత్రమే.

ఒక పెళ్లికి మేళం ఒప్పుకొన్న మొత్తాన్ని 100 పాళ్లు అనుకొందాము. ఆ మేళంలో ఇద్దరు నాదస్వరం, ఇద్దరు డోలు, ఒకరు తాళం. శ్రుతికి పూర్వం ఒక మనిషి ఉండేవాడు, నేడు విద్యుత్తుతో పనిచేసే శ్రుతిపెట్టె చాలుచున్నది. రానుపోను బండి ఖర్చు 15 పాళ్లు. వాద్యాల మరమ్మతు, పీకలు, తోళ్లు, దుస్తులకు 10 పాళ్లు. పని చెప్పిన మధ్యవర్తికి 5 పాళ్లు. మిగిలినవి 70. వీటిని 7 వాటాలు చేస్తే వాటాకు 10 పాళ్లు. పెద్ద విద్వాంసునికి 2 వాటాలు, రెండవ నాదస్వరానికి ఒకటిన్నర, డోళ్లకు ఒకటిన్నర చొప్పున 3, తాళానికి అర. అనగా జట్టు నాయకునికి చిక్కేది 20 పాళ్లు. పెళ్లివారు చెప్పుకొనే మొత్తంలో అయిదవ వంతు.

ఏడాదిలో అతనికి 60 రోజుల పని దొరికినదనుకొందాము. 60ని 20 చేత గుణిస్తే 1200 పాళ్లు. దానిని 12 నెలలకు పంచితే నెలకు 100 పాళ్లు. అనగా పెళ్లివారు ఒక్క పెళ్లికి మేళానికి ఇచ్చే మొత్తమెంతో, జట్టులోని పెద్ద విద్వాంసుని నెల ఆదాయం అంతే. తాళం వేసే కుర్రవానికి అందులో నాలుగవ వంతు. మూఢం వల్ల 15 రోజుల పని పోతే నాయకుని ఆదాయం నెలకు 75 పాళ్లకు దిగుతుంది. ‘ఒక్క పూటకు అంత తీసుకొంటారా?’ అని ఆశ్చర్యపడేవారు ఈ గుణకార భాగహారాలను ఒకసారి చేసి చూడాలి.

ఈ లెక్కలోనికి రానివి ఇంకా ఉన్నవి. మంచి నాదస్వరం ఆచ్చా అనే గట్టి కొయ్యతో తయారవుతుంది. పాత ఇండ్లను పడగొట్టినప్పుడు దొరికే ఏండ్లనాటి దూలాలు ఇందుకు శ్రేష్ఠమంటారు. కుంభకోణం దాపున నరసింగంపేట అనే గ్రామం ఈ వాద్యాల తయారీకి ప్రసిద్ధి. ఆ వాద్యానికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది. నాదమంతా ఆధారపడిన పీక కావేరీ తీరంలో పెరిగే ఒక జాతి రెల్లుతో చేస్తారు. అది అరిగిపోయే వస్తువు గనుక ఎన్నో సిద్ధంగా ఉంచుకోవాలి. డోలుకు పనసకొయ్య, తోళ్లు, కుడిచేతి వ్రేళ్లకు పిండితో చేసి గట్టిపరచిన తొడుగులు కావాలి. వీటన్నిటికంటే ఖరీదైనది సాధన. వాయించని రోజు కూడ విద్వాంసుడు పని చేస్తూనే ఉంటాడు. ఆ పనికి కూలి ఎవరూ ఇవ్వరు.

పెళ్లినాటి పని కూడ చిన్నది కాదు. ఎదుర్కోలు, స్నాతకం, మాంగల్యధారణ వేళ గట్టిమేళం, ఊరేగింపు, అప్పగింతలు వరకు మేళం ఉండాలి. ముహూర్తం తెల్లవారుజామునైతే రాత్రంతా జాగారమే.

ముగ్గురి జీవితాలు

తీరాంధ్రంలో నాదస్వర విద్యను చేపట్టినవారిలో ముస్లిం కుటుంబాలు చాల ఉన్నవి. ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో జన్మించిన షేక్ చినమౌలానా వారిలో అగ్రగణ్యులు. తండ్రి వద్ద మొదలైన ఆయన విద్య చిలకలూరిపేటలో షేక్ ఆదం సాహెబు వద్ద సాగినది. అంతటితో తృప్తిపడి ఊరి పెళ్లిళ్లతో కాలం గడపవచ్చును. ఆయన తంజావూరు బాణీని నేర్వడానికి నాచ్చియార్‌కోయిల్ సోదరులను ఆశ్రయించి, తరువాత శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి బిరుదు ఆయనను వరించాయి. 1982లో శ్రీరంగంలో శారదా నాదస్వర సంగీతాశ్రమం స్థాపించి శిష్యులను తయారుచేశారు. 1999లో పరమపదించారు. ఆయన శిష్యులైన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ మహబూబ్ దంపతులకు 2020లో పద్మశ్రీ లభించినది. కృష్ణా జిల్లాకు చెందిన గోసవీడు షేక్ హసన్ సాహెబుకు 2022లో మరణానంతరం పద్మశ్రీ ప్రకటించారు.

చినమౌలానా జీవితాన్ని జీవిక దృష్టితో చదివితే మూడు సంగతులు తేలుతాయి. ఒకటి, పేరు వచ్చిన తరువాత మళ్లీ శిష్యుడై విద్య మీద కాలాన్ని వెచ్చించారు. రెండు, ఆ వాద్యానికి శ్రోతలు, సభలు, ఆలయాలు, వాద్యశిల్పులు అందరూ చేరువగా ఉన్న ప్రాంతంలో కాపురం పెట్టారు. మూడు, తిరుగుడుకు తోడు బోధనను నిలుపుకొన్నారు. ముస్లిం విద్వాంసుడు శ్రీరంగంలో నాదస్వరం వాయించడాన్ని మనం సామరస్యానికి గుర్తుగా చెప్పుకొంటాము. అది నిజమే. ఆ సామరస్యం ఉపన్యాసాలలో పుట్టలేదని కూడ తెలియాలి. నమ్మకంతో ఇచ్చిన సంచకారం, నమ్మకంతో వేళకు చేరిన మేళం తరతరాలుగా దానిని కట్టినవి.

రెండవ జీవితం షేక్ నాజరుది. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో బీద దూదేకుల కుటుంబంలో పుట్టిన నాజరు బుర్రకథకు పర్యాయపదమైనారు. ఆయన స్వీయచరిత్ర పేరే ‘పింజారి’. బుర్రకథ ఆర్థికంగా తేలికైన కళ. కథకుని చేతిలో తంబుర, బొటనవ్రేలికి అందె, ఇరువైపులా గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం చెబుతారు. ముగ్గురే మనుషులు గనుక బండి ఖర్చు తక్కువ, వాటా ఎక్కువ. పైగా కథను కాలానికి తగినట్లు మార్చుకొనవచ్చును. పల్నాటి వీరుల కథ చెప్పిన నోటనే అల్లూరి సీతారామరాజు కథ, కరవు కథ చెప్పవచ్చును.

ప్రజానాట్యమండలి ద్వారా నాజరు కళ ఊరూరికీ పోయినది. స్వాతంత్ర్యానికి ముందువెనుకల మద్రాసు ప్రభుత్వం ఆ మండలి ప్రదర్శనలను నిషేధించినది. నిషేధమంటే పాలకులకు శాంతిభద్రతల సమస్య. కళాకారునికి అది కూటి సమస్య కూడ. కాలం మారినది. అదే బుర్రకథను ప్రభుత్వాలే కుటుంబ నియంత్రణ వంటి విషయాల ప్రచారానికి వాడుకొన్నాయి. నాజరుకు 1986లో పద్మశ్రీ ఇచ్చారు. 1997లో ఆయన కన్నుమూశారు. ఒకే పోషకుని నమ్ముకొంటే, ఆ పోషకుడు ఉద్యమమైనా ప్రభుత్వమైనా, గాలి మారిన నాడు కళాకారుడు నడివీధిలో నిలుస్తాడనేది ఈ చరిత్ర చెప్పే పాఠం.

మూడవది మన కండ్ల ఎదుటి జీవితం. పాలమూరు ప్రాంతానికి చెందిన దర్శనం మొగిలయ్య పన్నెండు మెట్ల కిన్నెర మీటుతూ కథలు పాడే కళాకారుడు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చినది. 2024లో ఆయన కూలిపనికి పోతున్నారని పత్రికలు వ్రాశాయి. చదివినవారు విస్తుపోయారు. విస్తుపోవలసినది లేదు. పద్మ పురస్కారంతో సొమ్ము రాదు. బిరుదు ఇనాము కాదు, బయానా అంతకన్నా కాదు. సన్మానసభలో కప్పిన శాలువలను అంగడిలో ఇచ్చి బియ్యం తెచ్చుకొనలేము.

మారిన కాలం

లౌడుస్పీకరు వచ్చినప్పుడే మేళానికి మొదటి పోటీ వచ్చినది. తరువాత రికార్డు, క్యాసెట్టు, నేడు చేతిలోని ఫోను. మంగళవాద్యం రికార్డును పెట్టి తాళి కట్టించే పెళ్లిళ్లు ఉన్నవి. ఊరేగింపులలో డీజే పెట్టెల హోరులో నాదస్వరం వినిపించదు. అయితే యంత్రం పోటీయే కాదు, సాధనం కూడ. 1948లో ఆకాశవాణి విజయవాడ కేంద్రం ప్రారంభమైన తరువాత ఎందరో పల్లెటూరి విద్వాంసుల పేర్లు జిల్లాలు దాటాయి. ఆకాశవాణి పరీక్షలో పొందిన శ్రేణి, బయానా మాట్లాడేవేళ విద్వాంసునికి బలమైనది. నేడు ఆ పనిని ఫోనులోని దృశ్యాలు చేస్తున్నవి. దూరపు ఊరివారు పాటను ముందే విని పిలుస్తున్నారు.

ఇక్కడ చట్టం తెలియడం అవసరం. 1994లో కాపీరైటు చట్టాన్ని సవరించి ప్రదర్శకుల హక్కులను చేర్చారు. అనుమతి లేకుండ ప్రదర్శనను రికార్డు చేయడం, ప్రసారం చేయడం ఆ హక్కుకు భంగం. 2012 సవరణ ప్రకారం, ప్రదర్శనను వ్యాపారానికి వినియోగించినప్పుడు రాయల్టీ పొందే హక్కు ప్రదర్శకునికి ఉన్నది. పల్లెలలో పాడేవారిలో ఎందరికి ఈ సంగతి తెలుసు? ఒక సంస్థవారు వచ్చి, శాలువ కప్పి, రాత్రంతా పాడించి, ఫలహారం పెట్టి పంపిన రికార్డు పదేండ్లు అమ్ముడుపోతే గాయకునికి దక్కేది ఆ ఫలహారమే. కాగితం మీద రెండు పంక్తులు వ్రాయించుకొన్నవానికి వాటా అడిగే హక్కయినా నిలుస్తుంది.

వృద్ధాప్యం మరొక ప్రశ్న. ఊపిరితో బ్రతికే నాదస్వర విద్వాంసునికి ఊపిరి తగ్గే వయస్సు వస్తుంది. 60 ఏండ్లు దాటిన పేద కళాకారులకు నెలసరి సహాయమిచ్చే పథకం కేంద్ర సాంస్కృతిక శాఖలో ఉన్నది. దానికి దరఖాస్తు, ఆదాయపత్రం, కళానుభవానికి నిదర్శనాలు కావాలి. అక్షరం రాని విద్వాంసునికి ఆ కాగితాలు నింపిపెట్టడం మన విద్యార్థులు చేయగల చిన్న సేవ, పెద్ద పుణ్యం.

విద్యార్థులకు, కమిటీ పెద్దలకు

మన విద్యార్థులలో పాడేవారున్నారు, వాయించేవారున్నారు. ఈ వృత్తిలోనికి పోదలచినవారిని నిరుత్సాహపరచడం ఈ వ్యాసోద్దేశం కాదు. ఏ నేలమీద నడవబోతున్నారో తెలిసి నడవమని చెప్పడమే. ఏడాది పనిదినాలను ముందుగా లెక్కించండి. నిండుమాసపు ఆదాయంలో శూన్యమాసపు భాగాన్ని విడిగా పెట్టండి. జట్టులో వాటాలను వాయించకముందే తేల్చుకోండి. జట్లు విడిపోయేది స్వరం కుదరక అరుదుగా, లెక్క కుదరక తరచుగా. తిరుగుడుతోపాటు పదిమంది పిల్లలకు పాఠం చెప్పండి. ఒకే వేదికను, ఒకే పోషకుని నమ్ముకొనకండి. ప్రతి ఒప్పందాన్నీ వ్రాతలో పెట్టండి. వీటిలో ఏదీ సరస్వతికి అవమానం కాదు.

ఇక కళాశాలల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. వార్షికోత్సవాలకు కళాకారులను ఆహ్వానించడం అన్ని కళాశాలలలోను ఉన్నది. ఆ ఆహ్వానంలో నాలుగు నియమాలు పాటించవచ్చును. తేదీ, వేళ, మొత్తం వివరించే ఉత్తరం ముందుగా పంపాలి. ఆ ఉత్తరంతోనే సంచకారం ఇవ్వాలి. సభ వాయిదాపడినా దానిని తిరిగి అడగరాదు, ఎందుకంటే ఆ రోజును వారు మనకోసం ఖాళీగా ఉంచి మరొకరిని కాదన్నారు. ఉపన్యాసాలన్నీ ముగిసి, శ్రోతలు లేచిపోయిన తరువాత పదిహేను నిమిషాలు పాడమనడం మానాలి. మిగిలిన సొమ్మును వారు బండి ఎక్కకముందే ముట్టజెప్పాలి. రేపు కార్యాలయానికి రండి, సంతకం కావాలి అనే మాట ఊరూరా తిరిగేవానికి ఒక పని దినాన్ని, ఒక బండి ఖర్చును అపహరిస్తుంది.

ఈ నాలుగింటికి పెద్ద నిధి అవసరం లేదు, మాట మీద నిలకడ చాలు. ఇనాముల కాలం తిరిగి రాదు, రానవసరం లేదు. నజరానా శ్రోత మనసు మీద, జేబు మీద ఆధారపడినది. స్వతంత్రంగా బ్రతకదలచిన విద్వాంసునికి మిగిలినది బయానా ఒక్కటే. మన పూర్వులు దానికి సత్యంకారమని పేరు పెట్టారు. వాయించేవాడు వేళకు వచ్చి తన సగం సత్యాన్ని నెరవేరుస్తున్నాడు. మిగిలిన సగం పిలిచినవారి చేతిలో ఉన్నది.